మా ఊరు ఏరు ఈదిన వేసవి

1949లో, మే నెల పదకొండో తారీఖున, డెస్మండ్ ప్రాసర్ మా రేవులో పడి చనిపోయాడు. వాడికి ఎనిమిదేళ్ళు. నాకప్పుడు పది.

మా రేవు అని ఊరికే అనడం లేదు. రష్‌బోర్న్‌లో సెవెర్న్ ఏటి మీద పడవ నడిపే హక్కు మూడు తరాలుగా మా ఇంటిది. ఇవతల ఊరు, అవతల ప్లమ్ తోటలు, మధ్యన అరవై గజాల నీళ్ళు. అవతలి గట్టున స్తంభానికి వేలాడే గంట ఎవరు కొట్టినా, మా నాన్న రూబెన్ టాండీ చేతిలో ఉన్న టీ కప్పు కింద పెట్టి పడవ తీసేవాడు. వానైనా అంతే, మంచైనా అంతే.

ఆ రోజు ఆయన ఖాళీ పడవతో తిరిగొస్తున్నాడు. డెస్మండ్ రేవు చెక్కల అంచున బోర్లా పడుకుని, గాజు సీసాతో చేపపిల్లల్ని పడుతున్నాడు. సీసా చెయ్యి జారింది. దాని కోసం వంగి వాడు నీళ్ళలో పడ్డాడు. నాన్న తెడ్డు చాపాడు. అందలేదు. ఇంకా ముందుకు వంగి మళ్ళీ చాపాడు. వాడి వేళ్ళు తెడ్డుకు తగిలాయి కానీ పట్టు దొరకలేదు. పడవకూ వాడికీ మధ్య పదడుగులు.

మా నాన్నకు ఈత రాదు. పొద్దస్తమానం నీళ్ళ మీద బతికేవాడికి ఈత రాకపోవడమేమిటని మీరు అడగవచ్చు. మా వైపు పడవవాళ్ళెవరికీ వచ్చేది కాదు. "ఈత వస్తే చావడానికి ఎక్కువసేపు పడుతుంది, అంతే" అనేవాడట మా తాత. ఊళ్ళో ఈత వచ్చినవాడు ఒక్కడే ఉండేవాడు, మా పెదనాన్న సైలస్. పంతొమ్మిదేళ్ళప్పుడు వరద నీళ్ళలోకి పందెం కట్టి దూకి, మళ్ళీ పైకి రాలేదు. ఆ తర్వాత ఇక ఎవరూ నేర్చుకోలేదు.

కాదు, ఇంకొకరికి వచ్చు. మా అమ్మ టామ్సిన్‌ది కార్న్‌వాల్ సముద్ర తీరం. నడక వచ్చిందో లేదో ఈత వచ్చేసిందని చెప్పుకునేది. పెళ్ళై ఈ ఇంటికి వచ్చిన రోజున మా నానమ్మ ఆమె చేత ఒట్టు వేయించుకుంది, ఏట్లో కాలు పెట్టనని.

డెస్మండ్ పడినప్పుడు అమ్మ ఇంటి వెనక బట్టలు ఆరేస్తోంది. నాన్న కేకలు విని పరుగెత్తుకొచ్చింది, బూట్లు విప్పి రేవు చివరికి వెళ్ళింది. నానమ్మ వెనక నుంచి ఆమె ఏప్రన్ రెండు చేతులతో పట్టుకుంది. "పోయాడమ్మా! వాడు పోయాడు! నువ్వూ పోతావా?" అని అరిచింది. అప్పటికే పిల్లాడు కనబడకుండా పోయి చాలాసేపయిందని తర్వాత అందరూ అన్నారు. అమ్మ మాత్రం ఆ మాట ఎప్పుడూ అనలేదు.

మూడో రోజున మైలు దిగువన నాన్నే వాణ్ణి బయటికి తీశాడు. ఎవరూ ఆయన్ని తప్పు పట్టలేదు. వాడి తండ్రి, రొట్టెలు కాల్చే ప్రాసర్ వచ్చి నాన్న భుజం మీద చెయ్యి కూడా వేశాడు. అయినా ఆ రోజు నుంచి నాన్న బేకరీ ఉన్న వీధి వైపు నడవడం మానేశాడు. డెస్మండ్ తల్లి ఐవీ ప్రాసర్ ఎదురైతే ఎక్కడ చూడాలో తెలియక తన చేతులకేసి చూసుకునేవాడు.

అంత్యక్రియలైన శనివారం నాడు, భోజనాల దగ్గర అమ్మ నా భుజం మీద చెయ్యి వేసి, ఎవరినీ అడక్కుండా చెప్పేసింది.

"జూన్ రాగానే హెట్టీకి ఈత నేర్పుతాను."

నానమ్మ ఫోర్కు కింద పెట్టింది. "ఏమన్నావ్?"

"ఈత, అత్తయ్యా. అవతల హాల్‌ఫర్డ్ పచ్చిక కింద గులకరాళ్ళ మేట ఉందిగా. అక్కడ నడుం లోతే."

"ఈ గడప తొక్కిన రోజు నాకేం మాటిచ్చావో గుర్తుందా నీకు?"

"ఉంది. పన్నెండేళ్ళు నిలబెట్టుకున్నాను. ఇక నిలబెట్టుకోలేను."

"అవునులే, మాటంటే పక్కింటి నుంచి అరువు తెచ్చిన గిన్నె! అక్కర తీరాక తిరిగిచ్చేస్తే సరి! నా సైలస్‌కి ఈత వచ్చు. వచ్చు గనకే దూకాడు. రానివాడైతే గట్టున కూర్చుని నవ్వుతూ ఉండేవాడు, ఇవాళ నీ ఎదురుగా కూర్చుని ఈ మటన్ తినేవాడు. ఈ ఏరు తన జోలికి వెళ్ళినవాళ్ళనే మింగుతుంది."

"డెస్మండ్ దాని జోలికి వెళ్ళలేదు అత్తయ్యా. సీసా కోసం వంగాడు."

నానమ్మ నాన్న వైపు తిరిగింది. "రూబెన్! నీ పెళ్ళానికి నువ్వు చెప్పు."

నాన్న పళ్ళెంలో ఉన్న బంగాళాదుంపను రెండు ముక్కలు చేశాడు. తర్వాత నాలుగు చేశాడు.

ఆ పూట నుంచి నానమ్మ అమ్మతో మాట్లాడటం మానేసింది. ఉన్నది నాలుగు గదుల ఇల్లు. వంట పొయ్యి ఒక్కటే. అందులో మాట్లాడకుండా బతకడమంటే మాటలా? మధ్యలో నేను ఇరుక్కున్నాను. "హెట్టీ, మీ అమ్మని ఉప్పు ఇటు జరపమను" అనేది. అమ్మ అక్కడే, చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉండేది. నేను బడికి పోయినప్పుడు పిల్లితో చెప్పేదట. "చూశావుటే టిబ్, కెటిల్ మాడిపోతున్నా పట్టించుకునేవాళ్ళు లేరీ ఇంట్లో."

జూన్ మొదటి వారంలో అమ్మ నన్ను పడవలో అవతలి గట్టుకు తీసుకెళ్ళింది. పెట్టె అడుగున దాచుకున్న నల్ల ఊలు ఈత దుస్తులు తీసి తను వేసుకుంది. నాకు నాన్న పాత స్వెట్టరు విప్పి ఒకటి అల్లింది. అది పొడిగా ఉన్నంతసేపు చక్కగా ఉండేది. తడిశాక మోకాళ్ళ దాకా సాగి వేలాడేది.

"ముందు ఈదొద్దు. పడుకో" అంది అమ్మ.

"నీళ్ళ మీదా?"

"మంచం మీద పడుకున్నట్టే. పొట్ట పైకి, చెవులు నీళ్ళ లోపలికి. చెవులు తడవకపోతే కాళ్ళు కిందికి పోతాయి."

నేను నీళ్ళు మింగాను, ఏడ్చాను, ముక్కులోంచి ఏటి నీళ్ళు కారుతుంటే ఇంటికి పోదామన్నాను. ఆమె గట్టున కూర్చోబెట్టి తువ్వాలు కప్పి, బెల్లం రంగు మిఠాయి ఒకటి నోట్లో పెట్టింది. యుద్ధం నాటి మిఠాయి రేషన్ ఆ ఏప్రిల్‌లోనే ఎత్తేస్తే జనం ఎగబడి కొట్లు ఖాళీ చేశారు, అందుకని అది బంగారమంత గొప్ప. "అయిందా? పద మళ్ళీ" అంది. ఆరో రోజున తేలాను. పన్నెండో రోజున పదిహేను గజాలు ఈదాను.

ఊళ్ళో చెప్పుకోవడానికి ఇంకేం కావాలి? పోస్టాఫీసు కొట్టులో స్టాంపులకు వెళ్ళినప్పుడు నేను ఉన్నానని చూడకుండా ఒకావిడ అంది. "పిల్లాణ్ణి పూడ్చిన మట్టింకా ఆరలేదు, ఆ రేవు కోడలు తొడలు చూపిస్తూ అదే నీళ్ళలో జలకాలాడుతోంది." కొట్టు యజమాని నన్ను చూసి దగ్గాడు. నేను స్టాంపులు తీసుకుని, మా అమ్మలాగే తలెత్తి బయటికి నడిచాను. వీధి మలుపు తిరిగాక ఏడ్చాననుకోండి.

జూన్ నెలాఖరులో ఒక సాయంత్రం, మేము మేట దగ్గర ఉండగా నాన్న పడవ మా వైపు వచ్చింది. అందులో ఐవీ ప్రాసర్ కూర్చుని ఉంది. పక్కన ఆమె కూతురు డోరతీ. నా క్లాసే. నాన్న తెడ్డు వేస్తూ నీళ్ళకేసే చూస్తున్నాడు. ఐవీ గట్టుకేసి చూస్తోంది. ఇద్దరి మోకాళ్ళ మధ్యా రెండడుగులు లేవు.

అమ్మ నీళ్ళలోంచి లేచి నిలబడింది. తడి బట్టలతో ఆమె ఎదుట నిలబడటానికి సిగ్గేసిందేమో, తువ్వాలు కోసం వెతుక్కుంది.

"దీనికి నేర్పు, టామ్సిన్" అంది ఐవీ.

"ఐవీ... నీకు భయంగా లేదా?"

"ఉంది. ఇంట్లో కూర్చున్నా ఉంది. రాత్రీ పగలూ ఉంది. నేర్పు."

డోరతీ గౌను మీదే నీళ్ళలోకి దిగింది, తల్లి ముఖంలోకి చూస్తూ వెనక్కి వెనక్కి నడుస్తూ. ఐవీ గట్టున రాయి మీద కూర్చుంది. గంటసేపు కదల్లేదు. డోరతీ మొదటిసారి చెవులు ముంచినప్పుడు మాత్రం తన చెవులు తను మూసుకుంది.

ఇక ఆ తర్వాత ఆపేవాళ్ళు లేకపోయారు. డెస్మండ్ తల్లే పంపితే తామెందుకు పంపకూడదు? మరునాడు ముగ్గురు వచ్చారు. వారానికి పదకొండు మంది. జులై నడిమికి ఇరవై ఆరు మంది అయ్యారు. లారీ ట్యూబులు, తాళ్ళు, చిరిగిన చొక్కాలు, రకరకాల అవతారాలు. పాల మనిషి కొడుకు వాల్టర్ పిప్పళ్ళ బస్తాలా ఉండేవాడు, మునగమన్నా మునిగేవాడు కాదు. "వీడికి నేనేం నేర్పను? వీడే నాకు నేర్పాలి" అని అమ్మ నవ్వితే, వాడు వారం రోజులు ఛాతీ విరుచుకుని తిరిగాడు. నన్ను చిన్నపిల్లలకు సాయంగా పెట్టింది. గడ్డం కింద చెయ్యి పెట్టి, "చెవులు లోపలికి, చెవులు లోపలికి" అని నేను అమ్మ గొంతుతోనే అరిచేదాన్ని. నేను పడవ రూబెన్ కూతుర్ని మాత్రమే కాదు, టామ్సిన్ కూతుర్ని కూడా అని ఊరికి తెలిసింది ఆ వేసవిలోనే.

అప్పుడు హాల్‌ఫర్డ్ సభ పెట్టించాడు. ఆ పచ్చిక, ఆ మేట ఆయనవి. ఊరి కమిటీకి పెద్ద కూడా ఆయనే. సాయంత్రం బడి గదిలో పిల్లల బెంచీల మీద పెద్దవాళ్ళు మోకాళ్ళు ముడుచుకుని ఇరుక్కుని కూర్చున్నారు. కిటికీ బయట నేనూ డోరతీ పీపా ఎక్కి చూస్తున్నాం.

"నాకెవరి మీదా కోపం లేదు" అంటూ మొదలుపెట్టాడు హాల్‌ఫర్డ్. "కానీ నా నేల మీద ఇరవై ఆరు మంది పిల్లలు నీళ్ళలోకి దూకుతున్నారు. రేపు ఒకరు పోతే? అప్పుడు నా గుమ్మం ముందుకే వస్తారు మీరంతా. పైగా నేర్పేదెవరు? సర్టిఫికెట్ ఉన్న టీచరా? కాదు. ఒక ఆడమనిషి. ఆమె మొగుడు ముప్ఫై ఏళ్ళుగా ఏటి మీద ఉన్నాడే, ఆయనకే ఈత రాదు! ముందు ఇంట్లో దీపం పెట్టుకుని తర్వాత గుళ్ళో పెట్టమనండి."

కొందరు నవ్వారు. అమ్మ ముఖం ఎర్రబడింది. ఆమె లేవబోయింది కానీ పక్కన నాన్న ముందే లేచాడు. ఆయన సభల్లో మాట్లాడగా ఎవరూ చూడలేదు. టోపీ చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు.

"రాదు" అన్నాడు. "నాకు ఈత రాదు. ఆ రోజు నేను పదడుగుల దూరంలో ఉన్నాను."

అంతే. కూర్చున్నాడు. వెనక బెంచీలో ప్రాసర్ తల వంచుకున్నాడు. ఐవీ మాత్రం నాన్న వీపుకేసి చూస్తూ ఉంది. పీపా మీద డోరతీ నా చెయ్యి పట్టుకుంది.

చివరికి హాల్‌ఫర్డ్ తనే దిగొచ్చాడు. "సరే, ప్లమ్ కోతలయ్యే దాకా చూస్తాను. ఈలోగా ఒక్కరికి ఏమైనా అయిందా, ముళ్ళకంచె వేయిస్తా. ఏమీ కాకుండా, వీళ్ళు నిజంగా నేర్చుకున్నారని నాకు చూపించండి, అప్పుడు మాట్లాడదాం."

"ఏం చూపిస్తే నమ్ముతారు?" అంది అమ్మ.

"ఏరు దాటమనండి."

"దాటుతారు" అంది అమ్మ. ఆ సంగతి అప్పటిదాకా ఆమెకూ తెలియదని నా అనుమానం.

మరునాటి పొద్దున, ఇంకా సూర్యుడు తోటల పైకి రాకముందే, ఎవరో నా కాలి బొటనవేలు లాగారు. నాన్న. బూట్లు చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"లేస్తావా హెట్టీ? చప్పుడు చెయ్యకు. ఆ ఊలు దుస్తులేవో వేసుకో."

మేము ఇంటి పక్కన పశువులు నీళ్ళకు దిగే చోటికి వెళ్ళాం. నీళ్ళ మీద మంచు దూదిలా పరుచుకుని ఉంది. నాన్న చొక్కా విప్పాడు. మోచేతుల దాకా చేతులు, మెడ దాకా ముఖం రాగి రంగు. మిగతాదంతా పాలలా తెల్లగా ఉంది. ఆయన్ని అలా నేనెప్పుడూ చూడలేదు.

"నాకు నేర్పుతావా?" అన్నాడు.

"నేనా? అమ్మ ఉందిగా నాన్నా."

"అమ్మకు చెప్పొద్దు. వచ్చాక చెబుదాం. రాకపోతే ఇక చెప్పడానికేం ఉంటుంది?"

ఏటి మీద పుట్టి పెరిగినవాడు మోకాలి లోతులో వణికిపోయాడు. చలికి కాదు. పడవ అంచు పట్టుకుని వరదనే దాటించే మనిషి, చేతికి పట్టుకోవడానికి ఏమీ లేకపోయేసరికి నా భుజం పట్టుకున్నాడు. నా భుజం నొప్పి పుట్టింది, నేను చెప్పలేదు. మొదటి వారమంతా ఆయన పడుకోవడానికి ఒప్పుకోలేదు. "ఈదేస్తాను, తేలడమెందుకు?" అనేవాడు. ఎనిమిదో రోజున, చిన్నపిల్లల్ని బెదిరించినట్టే ఆయన్నీ బెదిరించాను.

"చెవులు లోపలికి పెడతావా, లేక అమ్మకు చెప్పమంటావా?"

"ఎంత కఠినాత్మురాలివే నువ్వు!"

"ఊఁ. చెవులు."

ఆ పొద్దున మొదటిసారి చెవులు ముంచాడు. నా రెండు చేతులూ ఆయన వీపు కింద ఉన్నాయి. చాలాసేపు కళ్ళు తెరిచి ఆకాశంలోకి చూస్తూ ఉండిపోయాడు. లేచాక ముఖం తుడుచుకున్నాడు.

"రాళ్ళు దొర్లుతున్నాయి కింద" అన్నాడు. "వినిపిస్తోంది. గలగలమని, పొద్దస్తమానం దొర్లుతూనే ఉంటాయేమో. ముప్ఫై ఏళ్ళుగా దీని మీదే ఉన్నాను హెట్టీ. ఇది లోపల ఎలా ఉంటుందో నాకు తెలియనే తెలియదు."

ఆగస్టు వచ్చింది. మిఠాయిలకు మళ్ళీ రేషన్ పెట్టారు, పిల్లలకు అమ్మ ఇచ్చే బహుమతి మిఠాయి నుంచి ప్లమ్ పండుకు మారింది. కోతలకు బయటి ఊళ్ళ నుంచి మనుషులు వచ్చారు. పడవ గంపలతో నిండి పొద్దుటి నుంచి మాపటి దాకా తిరిగింది. నాన్న చేతులు అరిగిపోయేలా తెడ్డు వేసేవాడు, మళ్ళీ తెల్లారకముందే నా బొటనవేలు లాగేవాడు. ఆయన ఈత చూడటానికి బాగుండేది కాదు. కోపంగా పిండి పిసికినట్టు ఉండేది. కానీ ముందుకు సాగేది.

ఒక పొద్దున ఆయన వెల్లకిలా తేలుతున్నాడు. చేతులు చాపి, కదలకుండా, మంచులో. నేను గట్టున కూర్చుని రొట్టె తింటున్నాను. వెనక తలుపు చప్పుడైంది. తిరిగి చూస్తే నానమ్మ. రాత్రి గౌను మీద కోటు, కాళ్ళకు బూట్లు, జుట్టు విరబోసుకుని. ఆమె కళ్ళు నా మీద లేవు. నీళ్ళలో కదలకుండా ఉన్న కొడుకు మీద ఉన్నాయి.

"నానమ్మా, నాన్న..." అన్నానో లేదో, ఆమె నన్ను దాటుకుని నేరుగా ఏట్లోకి నడిచింది. బూట్లతోనే. మోకాళ్ళ దాకా, తర్వాత తొడల దాకా. గౌను నీళ్ళ మీద గొడుగులా లేచింది. నా తండ్రి పుట్టక ముందు నుంచి ఆ ఇంట్లో ఉంటూ, నేను ఎరిగినంతలో ఒక్కసారి కూడా ఆ నీళ్ళలో పాదం తడపని మనిషి. ఆయన చెయ్యి పట్టుకుని ఒక్క గుంజు గుంజింది.

నాన్న ఉక్కిరిబిక్కిరై, దగ్గుతూ నిలబడ్డాడు. "అమ్మా! నేనే! బతికే ఉన్నాను!"

నానమ్మ ఆయన ముఖం చూసింది. ఛాతీ మీద అరచెయ్యి పెట్టి చూసింది. ఆమె ఊపిరి నాకు గట్టు మీదికి వినిపిస్తోంది. కొట్టబోతోందనుకున్నాను. చెయ్యి దించి అంది.

"నిన్న చూశాను నువ్వు ఈదడం. మోకాళ్ళు మరీ వంచుతున్నావు. అవతల ఆ పిల్లల్లో ఒక్కరు కూడా అలా వంచరు."

అప్పుడు తెలిసింది మాకు. పై గది కిటికీలోంచి అవతలి గట్టు కనబడుతుంది. ఆమె జూన్ నుంచీ ప్రతి సాయంత్రం చూస్తూనే ఉంది.

ఆ రాత్రి భోజనాల దగ్గర నానమ్మ నా వైపు చూడలేదు, పిల్లి వైపూ చూడలేదు. "టామ్సిన్, ఆ ఉప్పు ఇలా ఇయ్యి" అంది. అమ్మ చేతిలోని గిన్నె కింద పెట్టి ఉప్పు ఇచ్చింది. నాన్న బంగాళాదుంప తింటూ ఉన్నాడు. ఎందుకు ఇలా జరిగిందో అమ్మకు తెలియదు, ఆమె అడగనూ లేదు.

సెప్టెంబరు రెండో శనివారం. కోతలు అయిపోయాయి. ఏరు తగ్గి, నెమ్మదించి ఉంది. ఊరంతా మా రేవులో నిలబడింది. పెద్దవాళ్ళు చర్చికి వేసుకెళ్ళే కోట్లు వేసుకొచ్చారు. హాల్‌ఫర్డ్ రేవు చెక్కల మీద కర్ర ఆనించుకుని నిలబడ్డాడు. ఐవీ ప్రాసర్ అందరికన్నా ముందు, నీళ్ళకు అడుగు దూరంలో నిలబడింది. అవతల మేట మీద మేము. ముప్ఫై ఒక్క మంది పిల్లలం, మాతో అమ్మ, నాన్న, నానమ్మ.

పిల్లల పక్కన పడవ నడవాలి, ఎవరికైనా అలుపొస్తే పట్టుకోవడానికి. నాన్న భుజం తిప్పుతూ, "గంపలు మోసి మోసి పట్టేసింది. నేను ఈ గట్టునే ఉండి పిల్లల్ని వరసగా దింపుతాను" అన్నాడు.

"మరి పడవ ఎవరు నడుపుతారు రూబెన్? ఇప్పుడా చెప్పడం?" అంది అమ్మ కంగారుగా.

"నేను" అంది నానమ్మ. అరవై తొమ్మిదేళ్ళ మనిషి, స్కర్టు నడుం దగ్గర దోపుకుని పడవెక్కింది. "అలా చూస్తావేం? మొదటి యుద్ధంలో మగాళ్ళంతా పోతే మూడేళ్ళు ఈ రేవు నడిపిందెవరు? చర్చి పాస్టరా? కదులు కదులు, నీళ్ళు చల్లబడుతున్నాయి."

డోరతీ ముందు దిగింది. అమ్మ దిగువ వైపు ఈదుతూ, నానమ్మ ఎగువ వైపు తెడ్డు వేస్తూ, ఐదుగురేసి చొప్పున దాటాం. నేను చివరి జట్టులో చిన్నవాళ్ళతో ఉన్నాను. నడి ఏట్లో నీళ్ళు కాళ్ళను లాగుతాయి, అక్కడ నా పక్కనున్న ఆరేళ్ళ పిల్ల ఏడుపు మొదలుపెట్టింది. "పడుకో" అన్నాను. పడుకుంది. కాస్త సేపు తేలి, ముక్కు చీది, మళ్ళీ ఈదింది. రేవు చెక్క నా చేతికి తగిలినప్పుడు పైన చప్పట్లు. మా ఊరివాళ్ళు చప్పట్లు కొట్టే రకం కాదు. వాల్టర్ అయితే రేవు చేరి, ఇంకా సరదాగా ఉందని మళ్ళీ వెనక్కి ఈదబోతే వాళ్ళ నాన్న చొక్కా పట్టుకుని లాగాడు.

అమ్మ రేవు మీద నిలబడి, జుట్టులోంచి నీళ్ళు కారుతుండగా ఒక్కొక్క తలను తాకుతూ లెక్కపెట్టింది. ఇరవై తొమ్మిది. ముప్ఫై. నన్ను తాకి, ముప్ఫై ఒకటి. హాల్‌ఫర్డ్ టోపీ తీసి, "ఆ మేట ఇక మీ సొంతమే, టామ్సిన్. ఎన్నాళ్ళు కావాలంటే అన్నాళ్ళు" అన్నాడు.

ఆమె ఆ మాట వినలేదు. అవతలి గట్టుకేసి చూస్తోంది. నానమ్మ ఖాళీ పడవను మళ్ళీ అవతలి గట్టు వైపు తిప్పింది. అక్కడ నాన్న చొక్కా విప్పి మడతపెట్టి, రాయి మీద పెడుతున్నాడు.

"ఏం చేస్తున్నాడు?" అంది అమ్మ. "హెట్టీ, మీ నాన్న ఏం చేస్తున్నాడే?"

నేను చెప్పలేదు. చెప్పకూడదని మాట.

నాన్న దిగాడు. ఆయన ఈదడం అంటే మీకు చెప్పానుగా, పిండి పిసికినట్టే. నీళ్ళు ఎగజిమ్ముతున్నాయి. పక్కన పడవలో నానమ్మ, "మోకాళ్ళు! మోకాళ్ళు రూబెన్!" అని అరుస్తోంది. నడి ఏట్లో ప్రవాహం ఆయన్ని లాగింది. దిగువకు, ఇంకా దిగువకు పోతున్నాడు. అమ్మ చెక్కల అంచుకు వచ్చి దూకబోయింది. నానమ్మ పడవలోంచే చెయ్యెత్తి ఆపింది. నాన్న వెల్లకిలా తిరిగాడు. పడుకున్నాడు. చెవులు లోపలికి. ఏరు ఆయన్ని మోస్తూ పోయింది. పది లెక్కపెట్టేంతసేపు. మళ్ళీ తిరిగి ఈదాడు.

రేవుకు నలభై గజాల దిగువన, దురదగొండి పొదల్లో గట్టు తగిలింది ఆయనకు. అది నిటారు గట్టు, ఎక్కడానికి పట్టు లేదు. మేమంతా కదిలే లోపే ఐవీ ప్రాసర్ పరుగెత్తింది. మంచి గౌను, మంచి మేజోళ్ళు, అన్నిటితో దురదగొండిలోకి దూసుకుపోయి, గట్టు మీద బోర్లా పడుకుని కిందికి చెయ్యి చాపింది. నాన్న ఆ చెయ్యి చూశాడు. ఆమె ముఖం చూశాడు. మే నెల తర్వాత అదే మొదటిసారి అనుకుంటాను. పట్టుకున్నాడు.

ఆమె లాగింది. రొట్టెల పిండి పిసికే చేతులవి, బలమైనవి.

"హాల్‌ఫర్డ్!" నానమ్మ ఏటి మధ్య నుంచి కేక పెట్టింది, తెడ్డు పైకెత్తి. "మా రూబెన్‌కి ఈత రాదన్నావు కదూ? ఇప్పుడను చూద్దాం!"

అందరూ ఒక్కసారి నవ్వారు. హాల్‌ఫర్డ్ కూడా. నాన్న, ఐవీ గట్టు వెంబడి నడుచుకుంటూ వస్తున్నారు. దద్దుర్లు లేచిన చేతులు గోక్కుంటూ, ఏదో మాట్లాడుకుంటూ. ఏం మాట్లాడుకున్నారో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆయన దగ్గరికి వచ్చాడు. పళ్ళు టకటకలాడుతున్నాయి. అమ్మ కదల్లేదు, కళ్ళు తుడుచుకోలేదు. మా అందరి తలలనూ తాకిన ఆ చెయ్యే ఆయన తడి తల మీద ఉంచింది.

"ముప్ఫై రెండు" అంది.